మెడ తిప్పని సేనాపతి

గురువుగారికి మతి పోయిందా, లేక తనకే ఏదీ బోధపడటం లేదా అన్నది షు లిన్‌కు తేలడం లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన, పుస్తకం ముందు కూర్చున్నా అదే ఆలోచన.

అతని గురువు పాన్ యుచెంగ్ చైనా చక్రవర్తి కొలువులో పెద్ద అధికారిగా చేసినవాడు. పూర్వుల గ్రంథాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మన దేశమే లోకానికి నడిబొడ్డు, తక్కినవాళ్ళంతా అంచుల్లో బతికే అనాగరికులు అని షు లిన్‌కు నేర్పింది ఆయనే. విదేశీ ఓడలతో యుద్ధం ఓడిపోయాక అలాంటి ఆయనే చక్రవర్తికి విన్నపం పంపాడు. వాళ్ళకు తెలిసినది మనమూ నేర్చుకోవాలి, వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి అని. కొలువులో దుమారం రేగింది, ఆయన పదవి ఊడింది. రేవులోని సొంత ఇంటికి వచ్చి, ఏమీ జరగనట్టు పాఠాలు చెప్పుకుంటున్నాడు.

అంతవరకూ షు లిన్ ఓర్చుకున్నాడు. పెద్దాయన, ఏదో అన్నాడు, పోనీలే అనుకున్నాడు. కానీ ఆ వారం గురువు అతన్ని పిలిచి ఊరి చెరసాలకు వెళ్ళమన్నాడు. అక్కడ ఒక విదేశీ ఖైదీ ఉన్నాడు. యుద్ధపు ఓడలో ఫిరంగులు పేల్చేవాడు. తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చి పట్టుబడ్డాడు. రేవులో పుట్టి పెరిగిన షు లిన్‌కు వాళ్ళ భాష కాస్త వచ్చు. వెళ్ళి ఆ ఖైదీ దగ్గర ఫిరంగి విద్య నేర్చుకోమని గురువు ఆజ్ఞ.

షు లిన్ అన్న షు తావ్ పోయింది ఆ యుద్ధంలోనే. రేవు ముఖాన ఉన్న కోటలో ఫిరంగి దగ్గర ఉండగా విదేశీ గుండు తగిలింది. ఇంట్లో తల్లి సంతాపపు తెల్లబట్టలు ఇంకా విడవలేదు. ఆ చావు కంటే ఘోరమైన సంగతి మరొకటి ఉంది. షు తావ్‌కు గాయం రొమ్మున తగల్లేదు, పక్కటెముకల మీద తగిలింది. శత్రువుకు ఎదురుగా నిలబడ్డవాడికి గాయం పక్కన ఎందుకవుతుంది? పారిపోబోయి ఉంటాడని ఊరు గుసగుసలాడింది. తల్లి వీధిలోకి రావడం మానేసింది. షు లిన్ ఆ మాట అన్నవాళ్ళతో కొట్లాడాడు గాని, నిజంగా ఏం జరిగిందో అతనికీ తెలియదు. ఒంటరిగా ఉన్నప్పుడు అతనికీ అనుమానం వచ్చేది. అలా వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

ఇప్పుడు అన్నను చంపినవాళ్ళలో ఒకడి ముందు కూర్చుని పాఠం చెప్పించుకోవాలా? వద్దంటే గురుద్రోహం, సరేనంటే అన్నకు ద్రోహం. ఎటు అడుగేసినా తప్పే అనిపించింది.

చివరికి ఒక ఉదయం సెలవు తీసుకుందామని గురువు ఇంటికి వచ్చాడు. ఇక మీ దగ్గర చదవలేనని చెప్పి నేల చూస్తూ నిలబడ్డాడు. మీరు విదేశీయులకు అమ్ముడుపోయారని ఊళ్ళో అంటున్నారు అని కూడా అనేశాడు. అన్నాక తన నోటికి తనే భయపడ్డాడు.

గురువు కోప్పడలేదు. గోడకు ఆనించి ఉన్న చేతికర్ర అందుకున్నాడు.

"వెళ్దువుగాని నాయనా. ముందు కోట దాకా తోడు రా. దారంతా ఇసుక, నేనొక్కణ్ణీ నడవలేను."

కోట సగం కూలిపోయి ఉంది. సముద్రం వెనక్కి తగ్గిన వేళ కావడంతో ముందంతా తడి ఇసుక పరుచుకుని ఉంది. షు తావ్ కాపలా కాసిన ఫిరంగి మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. పెద్ద ఫిరంగులకు సేనాపతి బిరుదు ఇచ్చి, ఎర్రగుడ్డ కట్టి, అగరొత్తులు వెలిగించడం అక్కడి ఆచారం. దీని మీద 'సముద్రాన్ని ఊడ్చే సేనాపతి' అని చెక్కి ఉంది. అవి పాన్ యుచెంగ్ అధికారిగా ఉన్నప్పుడు స్వయంగా రాసిచ్చిన అక్షరాలు. ఎర్రగుడ్డ ఉప్పుగాలికి వెలిసిపోయింది.

"మీ అన్న నిలబడ్డచోట నిలబడు," అన్నాడు గురువు. "నేను విదేశీ ఓడని. సేనాపతిగారి గురి నా మీంచి తప్పిపోకుండా చూసుకో."

షు లిన్‌కు ఏమీ అర్థం కాలేదు. అయినా ఫిరంగి వెనక నిలబడ్డాడు. గురువు తడి ఇసుకలోకి దిగి, ఫిరంగికి సూటిగా ఎదురుగా నిలిచాడు. గొట్టం పొడవునా చూస్తే చివర ఆయన నెరిసిన తల కనిపించింది.

అప్పుడు ముసలాయన పక్కకు నడవసాగాడు. కర్ర దిగబడుతోంది, లాక్కుంటున్నాడు. మధ్యలో ఆగి దగ్గాడు, మళ్ళీ నడిచాడు. షు లిన్ రెండు చేతులతో ఫిరంగిని తోశాడు. భుజం ఆనించి తోశాడు. అది కదల్లేదు. దాన్ని రాళ్ళ మధ్య సున్నం పోసి గోడలో బిగించేశారు. గొట్టం చివర ఇప్పుడు ఖాళీ ఇసుక తప్ప ఏమీ లేదు.

గురువు తాపీగా గోడ చివరి దాకా నడిచి, కూలినచోట ఎక్కి లోపలికి వచ్చాడు. షు లిన్ చేతులు ఇంకా ఫిరంగి మీదే ఉన్నాయి. గురువు పక్కనుంచి వచ్చి, కర్ర కొసను అతని పక్కటెముకలకు మెల్లగా ఆనించాడు.

షు లిన్ తల వంచి, తన పక్కటెముకలకు ఆనిన కర్ర కొస వంక చూశాడు.

"అన్న పారిపోలేదు," అన్నాడు.

"ఇక్కడే నిలబడ్డాడు," అన్నాడు గురువు.

షు లిన్ ఇనుము మీద తల ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గురువు అతన్ని ఓదార్చలేదు. వెలిసిపోయిన ఎర్రగుడ్డ ముడి విప్పి మడత పెట్టాడు.

"ఈయనకు బిరుదు రాసిచ్చింది నేనే. మెడ తిరుగుతుందా అని అడగలేదు."

"వాళ్ళ ఫిరంగులు తిరుగుతాయా గురువుగారూ?"

"నాకు తెలియదు."

ఇద్దరూ ఇంటికి తిరిగొచ్చారు. గురువు వంటింట్లోకి వెళ్ళి, గడ్డితాడుతో కట్టిన ఎండుమాంసం వరుగుల కట్ట ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. చదువు కోరి వెళ్ళే శిష్యుడు మొదటిరోజు గురువుకు సమర్పించేది అదే. తండ్రి చెయ్యి పట్టుకుని ఈ గుమ్మం ఎక్కిన రోజు షు లిన్ తెచ్చిందీ అలాంటి కట్టే.

షు లిన్ ఆ కట్ట వంక చూశాడు. "అన్నను చంపింది ఆ ఖైదీయేనేమో గురువుగారూ."

"కావచ్చు," అన్నాడు గురువు. "అందుకే వాడి దగ్గరికి."

చెరసాలకు వెళ్ళే దారిలో షు లిన్ ముందు తల్లి దగ్గర ఆగాడు. కోటలో చూసింది చెప్పాడు. ఆమె లేచి వెళ్ళి, చాలా రోజుల తర్వాత వీధి తలుపు బార్లా తెరిచింది.

చెరసాలలో ఆ విదేశీయుడు గడ్డి మీద కూర్చుని ఉన్నాడు. ఎర్రగడ్డం, పుండుపడ్డ కాళ్ళు. షు లిన్ కట్టను అతని ముందు ఉంచి నుదురు నేలకు ఆనించాడు. ఖైదీ మాంసం వంక చూశాడు, వంగిన తల వంక చూశాడు. తనను ఉరి తీయబోతున్నారేమో, ఇది చివరి భోజనమేమో అన్నట్టు అతని ముఖం పాలిపోయింది.

షు లిన్ లేచి కూర్చున్నాడు. గడ్డి పక్కకు తోసి, దుమ్ములో వేలితో ఒక ఫిరంగి గీశాడు. దాని మెడ దగ్గర వేలు ఆపి తలెత్తి చూశాడు.