చివరి పంక్తి

నిరుడు జమ్మిపూజకు మేఘవరం రాజును నలుగురు పట్టి గుర్రమెక్కించారు. ఊరంతా నవ్వింది.

ఈసారి దసరా ముందే ఆయన వంటమనిషి సింగమ్మను పిలిచాడు. “పండగ పది రోజులూ ఒక్క పిండివంటా మానను. అయినా దశమికి నేను తగ్గాలి. లేదా నీ కొలువు పోయినట్టే!”

“అన్నీ తినండి ప్రభూ. కాకపోతే ఇంటిల్లిపాదికీ మీరే వడ్డించి, చివరి పంక్తిలో కూర్చోండి.”

“ఓస్, ఇంతేనా!” అన్నాడు రాజు.

వంగి లేచి, అడిగినవాళ్ళకల్లా మారు వడ్డించి ఆయన కూర్చునేసరికి బూరెల గంగాళం ఖాళీ. రోజూ చారూ మజ్జిగే మిగిలాయి.

దశమినాడు రాజు ఒక్కడే గుర్రమెక్కాడు. “ఇంత గొప్ప పథ్యం ఎవరు నేర్పారే సింగమ్మా?”

“రాణిగారు ప్రభూ. పాతికేళ్ళుగా ఆమె చేస్తున్నది ఇదే.”