పంచక్రోశిలో కాపలా

గురువుగారు దొంగస్వామేమోనన్న అనుమానం ముక్తేశ్వరానికి కాశీలో దిగిన రోజే పట్టుకుంది. పట్టించినవాడు సత్రంలో పక్కగది పేర్రాజుగారు.

"మీ సాంబస్వామి విశ్వనాథుడి గుళ్ళోకి వెళ్ళలేదటగా? గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెనక్కి తిరిగాడట. మావాళ్ళు చూశారు" అన్నాడాయన పళ్ళు తోముకుంటూ. "నాకెందుకులే గానీ, జాగ్రత్త నాయనా. కాషాయం కట్టినవాళ్ళంతా స్వాములు కారు."

నాకెందుకులే అంటూనే అంటించిపోయేవాళ్ళు ప్రతి సత్రంలోనూ ఒకరుంటారు. పేర్రాజుగారు పుక్కిలించి ఊసి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ముక్తేశ్వరానికి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

యాత్ర తనకోసమే అయితే ఇంత బెంగ ఉండేది కాదు. కోనసీమలో, ఇంటి వసారాలో, నులకమంచం మీద అతని అక్క వీరవేణమ్మ ఉంది. తల్లి పోయాక తనను ఎత్తుకు పెంచిన అక్క. ఇప్పుడు చూపు పోయింది, నడుం పడిపోయింది. "పంచక్రోశి తిరగాలని ఎప్పటి కోరికో తమ్ముడూ. ఇక నావల్ల కాదు. నా బదులు నువ్వు తిరుగు. ఒక్కో దేవుణ్ణీ కళ్ళారా చూసుకొచ్చి నాకు చెప్పు, విని తృప్తిపడతాను" అంది. సాంబస్వామి వెంట వెళ్ళమన్నదీ ఆమే. ఆయన దొంగైతే అక్క కోరిక గంగలో కలిసినట్టే.

మర్నాడు మణికర్ణికలో మునిగి గురుశిష్యులు ప్రదక్షిణకు బయల్దేరారు. కాశీ చుట్టూ ఐదు మజిలీల నడక, దారి పొడుగునా గుళ్ళే. మర్యాద ప్రకారం గురువు ముందు, శిష్యుడు వెనక. ముక్తేశ్వరానికి అది బాగా కలిసొచ్చింది. వెనక ఉన్నవాడికి కాపలా కాయడం తేలిక కదా.

మొదటి మజిలీ కర్దమేశ్వరుడి గుడిలో స్వామి గర్భగుడి ముందు నిలబడితే, ముక్తేశ్వరం స్తంభం చాటునుంచి కనిపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. మంత్రమా, ఉత్త గొణుగుడా?

భీమచండిలో స్వామి అసలు లోపలికే వెళ్ళలేదు. గుడి ఎదుట జామకాయలు అమ్మే ముసలమ్మ పక్కన చతికిలబడి ఆమె మనవల ముచ్చట్లు విన్నాడు. ఆమె ఇచ్చిన కాయ కళ్ళకద్దుకుని కొరుక్కు తిన్నాడు. ముక్తేశ్వరం గుడి గడప మీద నిలబడి, మెడ వెనక్కి తిప్పి, ఆ తినడం చివరిదాకా చూశాడు. కాశీకొచ్చినవాడు ఇష్టమైన కాయో పండో ఒకటి వదిలెయ్యాలంటారు. ఈయన వదిలింది జామకాయే అయితే?

దారిలో మెల్లగా కదిపాడు. "గురువుగారూ, తమరు కాశీలో ఏం వదిలారండి?"

"గుర్తు లేదురా. ఎప్పుడో వదిలేశాను."

గుర్తు లేదట! తప్పించుకునే మాట కాకపోతే?

ఆ దారిలోనే ఉన్న రామేశ్వరం మజిలీలో తెల్లారేసరికి స్వామి చాప ఖాళీగా ఉంది. ముక్తేశ్వరం పరుగున వెళ్ళి వెతికితే, ఆయన వరుణానది ఒడ్డున కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. రెండూ వాచి ఉన్నాయి. శిష్యుణ్ణి చూసి పంచె కిందికి దించాడు. అనుమానం అక్కడైనా ఆగాలా, ఆగలేదు. నొప్పులు దాస్తున్నాడంటే జనం సిద్ధపురుషుడు అనుకోవాలనే కదా, అని కొత్త దారి పట్టింది. దానికి మనం మేత వెయ్యక్కర్లేదు, తనే వెతుక్కుని మేస్తుంది.

కపిలధార దాటాక చివరి నడకలో యాత్రికులు యవల గింజలు చల్లుకుంటూ పోవడం ఆచారం. స్వామి చల్లుతున్నాడా, మూటలో వేసుకుంటున్నాడా అని ముక్తేశ్వరం ఆయన చేతినే చూస్తూ నడిచాడు. తన గుప్పిట్లో యవలు చెమటకు ముద్దయిన సంగతి చూసుకోనేలేదు.

మణికర్ణిక చేరి మళ్ళీ మునిగాక, ఇద్దరూ సందుల్లోంచి సాక్షి వినాయకుడి గుడికి వచ్చారు. ప్రదక్షిణ ముగించినవాళ్ళు ఇక్కడికొచ్చి, ఇలా తిరిగొచ్చాం స్వామీ అని చెప్పుకుంటారు. ఆ యాత్రకు ఆయనే సాక్షి.

గుడి ముందు ముక్తేశ్వరం ఇక ఉండబట్టలేకపోయాడు.

"గురువుగారూ, తప్పయితే క్షమించండి. లోపలికెళ్ళి ఏం చెబుతారండి తమరు? భీమచండిలో అమ్మవారి మొహం చూడలేదు. శివపురం మజిలీలో దండమైనా పెట్టలేదు. కపిలధారలో కళ్ళు మూసుకుంది జపానికి కాదు, నాకు గురక వినపడింది. మా అక్క మిమ్మల్ని నమ్మి నన్ను పంపిందండి!"

స్వామికి కోపం రాలేదు. అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"అన్నీ సరిగ్గానే చెప్పావు. ఒక్కటీ పొల్లు పోలేదు. నాకు నువ్వే సాక్షివి, ఇంక నేను లోపలికెళ్ళక్కర్లేదు" అన్నాడు. "నువ్వెళ్ళి మీ అక్క తరఫున చెప్పిరా."

ముక్తేశ్వరం లోపలికి వెళ్ళాడు. చేతులు జోడించి అక్క పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. కర్దమేశ్వరుణ్ణి చూశాను స్వామీ, అనబోయాడు. ఎలా ఉన్నాడు? స్తంభం గుర్తొచ్చింది. గురువుగారి పెదవులు గుర్తొచ్చాయి. లింగం మీద ఏ పూలున్నాయో ఎంత తలుచుకున్నా తోచలేదు. భీమచండి అమ్మవారు? జామకాయ. రామేశ్వరుడు? వాచిన మోకాళ్ళు.

ఊళ్ళో మంచం మీద అక్క ఎదురుచూస్తూ ఉంటుంది. ఆమెకు చెప్పడానికి అతని దగ్గర ఒక ముసలాయన వీపు తప్ప ఏమీ లేదు.

వెనకవాళ్ళు తోస్తుంటే బయటికొచ్చాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. కళ్ళు తుడుచుకున్నకొద్దీ నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

స్వామి కర్ర ఊతంతో మెల్లగా లేచాడు. సత్రానికి కుడివైపు పోవాలి. ఆయన మణికర్ణిక వైపు తిరిగాడు.

"ఎక్కడికండి గురువుగారూ?"

"పంచక్రోశికి."

"మీ మోకాళ్ళండీ..."

"అవి నాతోనే వస్తాయిలే" అన్నాడు స్వామి. ఇరుకు సందులో గోడకు ఒదిగి నిలబడి, శిష్యుడికి దారి ఇచ్చాడు.

"ఈసారి నువ్వు ముందు నడు."