కుంటలో నిద్రపోయిన కప్పలు

నాగావళి పక్క పల్లెలో జోగినాయుడనే రైతు ఉండేవాడు; కష్టజీవే గాని, దేన్నైనా ఒక్క చూపుతో తేల్చేసేవాడు. కాయ కొయ్యకముందే పుచ్చిందనేవాడు. ఎదుటిమనిషి నోరు తెరవకముందే తెలివితక్కువవాడనేవాడు.

అతని మడికి ఎగువన సూరమ్మకు అరెకరం ఉండేది. ఆమె అతనికి వరసకు అత్త. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆ అరెకరం గింజలే ఆమెకు ఏడాది తిండి. రెండు మళ్లకూ నడుమ ఒకటే గట్టు, ఆ పక్కనే చిన్న కుంట.

ఒక వేసవిలో కుంట ఎండిపోయింది. ఎరువుకని జోగినాయుడు దాని మట్టి తవ్వి బండికెత్తుతున్నాడు. మూరెడు లోతున గడ్డల్లో అరచేతికి పట్టనంత బోదురు కప్పలు బయటపడ్డాయి. కళ్లు మూసుకుని, ఒళ్లు ముడుచుకుని, కదలకుండా ఉన్నాయి.

"ఛీ, చచ్చిన కప్పలు!" అని వాటిని ఎండలోకి విసిరేశాడు.

గట్టు మీద గడ్డి కోస్తున్న సూరమ్మ కంగారుగా లేచింది. "ఒరే జోగీ, అవి సచ్చిపోనేదురా! తొంగున్నాయి. వాన పడితే లెగుస్తాయి. మట్టిలో కప్పెట్టీరా నాయనా!"

"చచ్చినవి లేస్తాయా అత్తా? నీకు పనిలేదు, నాకు బండి నిండాలి," అన్నాడు.

"ఒకదాని మీద నీల్లు సల్లి సూడు!"

అతను చూడలేదు. చెంబు నీళ్లు పక్కనే ఉన్నాయి. సూరమ్మ వంగి రెండు మూడు ఏరేలోగా కాకులు మిగతావి తన్నుకుపోయాయి.

తొలకరి పడింది. ఏటా ఆ వానకు మగ కప్పలు నిమ్మపండు రంగు తిరిగి, గొంతుకు రెండు వైపులా నీలం బుడగలు ఊదుకుని ఊరంతా వినబడేలా అరిచేవి. ఆ ఏడు కుంటలో ఆ గోల వినబడలేదు. "హాయిగా ఉంది," అనుకున్నాడు జోగినాయుడు.

కప్పలకు ఆహారమయ్యే పీతలు, వాటిని తినే కప్పలు లేక ఇప్పుడు విచ్చలవిడిగా పెరిగాయి. గట్టంతా బొరియలు చేశాయి. సూరమ్మ పగలంతా బొరియలు పూడ్చేది. తెల్లారేసరికి పీతలు కొత్తవి తవ్వేవి. ఆమె మడిలో నీళ్లన్నీ దిగువకు జారిపోయాయి. వానలు వెనకబట్టాయి, ఆమె వరి పొట్టకు రాకముందే ఎండింది. జోగినాయుడు మాత్రం, తన మడిలో నీళ్లు తగ్గడం లేదని మురిసిపోయాడు.

కోతలప్పుడు కూలివాళ్లలో వంగి కోస్తున్న ఒక ముసలామెను చూసి అతను ఆగిపోయాడు. సూరమ్మ!

"నువ్వేంటత్తా, కూలికి?"

"నా మడిలో కొయ్యడానికేటుందిరా," అందామె, తల ఎత్తకుండానే.

జోగినాయుడు గట్టు దగ్గరికి వెళ్లి చూశాడు. బొరియలన్నీ తన మడిలోకే తెరుచుకుని ఉన్నాయి. తన కళ్లంలో రాశి పోసేది ఎవరి నీళ్లతో పండిన పంటో అప్పుడర్థమై సిగ్గుతో కుంగిపోయాడు. ఏడాదికి సరిపడా ధాన్యం ఆమె ఇంటికి మోసుకెళ్లాడు.

ఆమె కాదనలేదు. "గింజలిచ్చావు, సంతోసం. కప్పల్నెక్కడి నించి తెస్తావురా?" అని మాత్రం అంది.

మరుసటి తొలకరికి అతను కుంట ఒడ్డున తడుస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి ఒకే ఒక్క కప్ప అరిచింది. ఆ రోజు సూరమ్మ ఏరి కప్పెట్టినవాటిలో అదొకటి. దానికి జవాబుగా మరో కప్ప అరవలేదు. చెంబెడు నీళ్లు చల్లి చూసి ఉంటే సరిపోయేది కదా అని జోగినాయుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నీతి: కదలనిదల్లా చచ్చిందని తేల్చెయ్యకూడదు, తెలిసినవాళ్ల మాట విని ఆగి చూడని తొందరపాటుకు శిక్ష చాలాసార్లు పక్కవాళ్లు అనుభవిస్తారు.