గంగాళంలో మునిగిన ఓడ

అనగా అనగా సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. దాన్ని ఏలే రాజు విక్రమకేతు. ఆయన రాణి హేలావతి. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, నడిపివాడు వీరకేతు, చిన్నవాడు ఇందుకేతు.

ఏడు సముద్రాల అవతల కంకాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. ఒకనాడు వాడు గాలిమీద ఎగిరొచ్చి, ఆ రాజ్యం మీది మబ్బులన్నిటినీ దూది ఏరినట్టు ఏరి, కుండలో కుక్కుకుని పోయాడు. ఇంకేముంది, వానలు లేవు. చేలు నెర్రెలిచ్చాయి. బావుల్లో చేదలు అడుగున రాయికి తగిలి ఉత్తివే పైకొచ్చాయి.

"నేను వెళ్ళి మబ్బులు తెస్తాను" అన్నాడు పెద్దవాడు.

ఓడ కట్టారు. మూడంతస్తుల ఓడ. పై అంతస్తు నిండా ఇత్తడి సింహాలు. జ్యోతిష్కుడు ముహూర్తం పెట్టాడు.

"ఒకసారి రేవులోనే నడిపి చూస్తే?" అంది రాణి.

"శుభమా అని బయల్దేరుతుంటే ఈ అనుమానం ఏమిటి దేవీ?" అన్నాడు రాజు.

రాణి వెళ్ళి హారతి పళ్ళెం పట్టుకొచ్చింది.

బాజాలు మోగాయి. తెరచాప ఎత్తారు. తొలిగాలి తగిలింది. ఓడ పక్కకి ఒరిగింది, ఒరిగి మళ్ళీ లేవలేదు. అందరూ చూస్తుండగానే మునిగిపోయింది. రాణి చేతిలో హారతి ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం. మునిగిన ఓడ మాట ఎత్తకూడదు. దాని చెక్క ముట్టుకోకూడదు. అందులో పోయినవాళ్ళ పేరు పలకకూడదు. పలికితే అరిష్టమట. "ఆ మాంత్రికుడే ముంచాడు" అనుకున్నారు అందరూ. అలా అనుకుంటే ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు కదా.

"నేను వెళ్తాను" అన్నాడు నడిపివాడు.

"అన్న ఓడ ఎందుకు మునిగిందో కనుక్కుని వెళ్ళరా" అంది రాణి.

"బయల్దేరేముందు ఆ మాట ఎందుకమ్మా" అన్నాడు వాడు.

మాంత్రికుడు దూరం నుంచే చూసి జడుసుకోవాలని ఈసారి నాలుగో అంతస్తు వేశారు. సింహాల పక్కన ఏనుగుల్ని నిలబెట్టారు. ముహూర్తం పెట్టారు. బాజాలు మోగాయి. తెరచాప ఎత్తారు. తొలిగాలి తగిలింది.

ఈసారి రాణి హారతి పళ్ళెం తేలేదు.

ఇక చిన్నవాడు లేచాడు. "అమ్మా, నేను..." అన్నాడో లేదో, రాణి వాడి చెయ్యి పట్టుకుని రేవుకి లాక్కుపోయింది. పోటు తగ్గాక బయటపడ్డ ఇసుకలో విరిగిన చెక్క ఒకటి కనబడింది. రాణి వంగి దాన్ని ముట్టుకుంది. వెనక నిలబడ్డ పరివారమంతా చెవులు మూసుకున్నారు.

"జయా" అంది రాణి. "వీరా" అంది. తర్వాత అడిగింది, "ఎందుకు మునిగారు నాయనా?"

నీళ్ళలోంచి ఒక ముసలి తాబేలు తల పైకెత్తింది. "పైన బరువు, అడుగు తేలిక. గాలి తోస్తే ఒరగక ఏం చేస్తుంది? రెండోదానికి ఆ పైన ఇంకో అంతస్తు కూడానూ."

"నీకెలా తెలుసు?"

"నా నెత్తిమీదే పడ్డాయి తల్లీ, రెండూ."

"మొదటిది పడ్డప్పుడే చెప్పలేదేం?"

"ఎవరడిగారు?" అంది తాబేలు.

రాణి ఆ చెక్కని చంకన పెట్టుకుని లేచింది.

కోటకొచ్చి పెళ్ళిళ్ళలో వాడే పెద్ద గంగాళం నిండా నీళ్ళు పోయించింది. ఇందుకేతు బెండుతో చిన్న ఓడ చేశాడు. రాణి ఉఫ్ అని ఊదింది. తిరగబడింది. అడుగున గులకరాళ్ళు పెట్టి రెండోది చేశాడు. ఊదితే నిలబడింది గానీ, నీళ్ళలోకి మరీ దిగి, అంచు మీంచి నీళ్ళు తాగింది. పొట్ట వెడల్పు చేసి, పై అంతస్తులు తీసేసి మూడోది చేశాడు. ఊదితే ఒరిగింది, మళ్ళీ లేచింది.

"రాజకుమారుడు గంగాళంలో ఆటలాడుకోవడమా?" అన్నాడు రాజు. "ముహూర్తం దాటిపోతోంది."

"దాటనీయండి" అంది రాణి. "రెండు మంచి ముహూర్తాలు చూశాంగా."

అదే పోలికతో పెద్ద ఓడ కట్టారు. సింహాలు లేవు. రేవులోనే భటుల్ని ఎక్కించి, అందరినీ ఒకేసారి ఒకవైపుకి పరిగెత్తమంది రాణి. ఒరిగింది. లేచింది. ఇంకోవైపుకి పరిగెత్తమంది. లేచింది. అప్పుడు కొడుకుని ఎక్కనిచ్చింది.

తాబేలు దారి చూపింది. ఏడు సముద్రాలు దాటారు. "మాంత్రికుడి ప్రాణం పంజరంలో చిలకలో ఉంది" అని చెప్పి తాబేలు ఒడ్డున ఆగిపోయింది. ఇందుకేతు వాడి కోటలోకి వెళ్ళాడు. లోపల కేతకి అనే రాజకుమారి ఆ చిలకకి జామపండు పెడుతోంది. మాంత్రికుడు ఆమెని ఎత్తుకొచ్చి ఆ పనికి పెట్టాడు. వాడు పక్కనే కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు.

"పంజరం బాగుంది" అన్నాడు ఇందుకేతు. "గట్టిదేనా? ఎప్పుడైనా లాగి చూశారా?"

"లాగడం దేనికి? అమావాస్య ముహూర్తంలో పోతపోసింది."

"మా ఊళ్ళోనూ ఇలాగే అనేవాళ్ళు లెండి."

కేతకికి నవ్వొచ్చింది. మాంత్రికుడికి ఒళ్ళు మండింది. "అంత అనుమానమైతే లాగి చూసుకోరా."

లాగాడు. ఏళ్ళ తరబడి ఉప్పుగాలికి తుప్పు పట్టిన అడుగురేకు ఊడి చేతికొచ్చింది. చిలకా చేతిలో పడింది. దాని పీక నులిమేసరికి మాంత్రికుడు కుప్పకూలాడు.

మబ్బుల కుండ పగిలింది. ఓడ తిరిగొచ్చేసరికి రేవులో వాన కురుస్తోంది. రాణి తడుస్తూ నిలబడి ఉంది. కొడుకు దిగాడు. కేతకి దిగింది. రాణి ఇంకా ఓడ వైపే చూస్తోంది.

"అన్నలేరి? ఆ మాంత్రికుడు చస్తే వాడు చేసినవన్నీ విడిపోవాలి కదా."

"చిలక పీక పట్టుకుని అడిగానమ్మా" అన్నాడు ఇందుకేతు. "ఆ ఓడల సంగతే వాడికి తెలీదట."

రాణి తల ఊపింది. ఆ మాట విన్న రాజు గొడుగు కిందనుంచి వానలోకి వచ్చి, రాణి పక్కన నిలబడ్డాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

పెళ్ళి వైభవంగా జరిగింది. "ఆలస్యమే అసలు ముహూర్తమని మొదట్నుంచీ నా మనసులో ఉంది మహారాణీ" అన్నాడు జ్యోతిష్కుడు, తాంబూలం అందుకుంటూ.

ఇందుకేతు, కేతకి ఆ రాజ్యాన్ని చాలా కాలం చల్లగా ఏలారు. ఓడలు కట్టడం నేర్చుకునే పిల్లల్ని ముందుగా ముసలి రాణి దగ్గరికే పంపేవారు. రెండు ఓడల విరిగిన చెక్కలు ఆమె వాకిట్లోనే ఉండేవి. ముట్టుకుని చూడమనేది. ఎందుకు మునిగాయో చెప్పమనేది. ఇద్దరు కొడుకుల పేర్లూ చెప్పేది. ఆ తర్వాత గంగాళం చూపించేది.

మొదటి ఓడ ఎవరిదైనా మునిగేది. పిల్లలు మొహం చిన్నబుచ్చుకునేవారు.

"మునగనీయండర్రా" అనేది రాణి. "ఇక్కడైతే చెయ్యి పెట్టి పైకి తీసుకోవచ్చు."