దించమనే మాట

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతలి ఒడ్డున బంగారయ్య శెట్టి, అవతలి ఒడ్డున రత్తమ్మ. ఇద్దరూ చెరకు రసం కాచి, బెల్లం వండి అమ్ముకునేవారు. శెట్టికి పెద్ద పెనాలు మూడు. రత్తమ్మకు చిన్న పెనం ఒక్కటే.

శెట్టి పెనాల దగ్గర వంట చూసేది నూకాలు. పొయ్యి రగల్చడం ఆమె పని, మడ్డి తీయడం ఆమె పని, పాకం తిప్పడం ఆమె పని. "దించండి" అనే మాట మాత్రం శెట్టిది. "నా నోట ఆ మాట రానిదే పెనం కదిలిందో, జాగ్రత్త!" అనేవాడు. ఉడికే పాకం ఎవరి కోసమైనా ఆగుతుందా?

ఒకనాడు పాకం సిద్ధమైంది. "శెట్టిగారూ, రండి!" అని నూకాలు కేక వేసింది. శెట్టి బళ్ల దగ్గర బేరంలో ఉన్నాడు. అతను వచ్చేసరికి బెల్లం మాడింది. "ముందే పిలవడానికి నోరు పడిపోయిందా?" అని అందరి ఎదుటా తిట్టాడు.

మరునాడు ముందే పిలిచింది. శెట్టి హడావిడిగా వచ్చి, "దించండి" అనేసి వెళ్లిపోయాడు. బెల్లం గట్టిపడక జావలా కారింది. "ఎందుకు తొందరపెట్టావు?" అని మళ్లీ ఆమెనే తిట్టాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం! నూకాలు కోపం దిగమింగి మళ్లీ పొయ్యి రగల్చింది. ఇంట్లో బిడ్డల కడుపు నిండేది ఈ పొయ్యి వల్లే మరి.

మూడోనాడు పాకం పదునుకొచ్చింది. శెట్టి కనుచూపుమేరలో లేడు. నూకాలు చూసి చూసి, "దించండర్రా!" అంది. ఆ ఏడాదిలో అంత చక్కని బెల్లం రాలేదు. శెట్టి వచ్చి మెచ్చుకున్నాడనుకుంటున్నారా? "ఎవరి సెలవు తీసుకుని దించావు? ఇక్కడ శెట్టివి నువ్వా, నేనా?" అని ఆమెను పనిలోంచి వెళ్లగొట్టాడు. ఆ బెల్లం మాత్రం మంచి ధరకు అమ్ముకున్నాడు! చెడితే నూకాలుదట, బాగుంటే శెట్టిదట. ఇదెక్కడి న్యాయం?

ఒళ్లు మండిపోతుంటే నూకాలు ఏరు దాటి రత్తమ్మ దగ్గరికి పోయింది.

"పెనం నీకు అప్పగిస్తాను, నూకాలమ్మా. దించాలో వద్దో నువ్వే చెప్పు," అంది రత్తమ్మ.

"చెడితేనో?"

"ఎందుకు చెడిందో ఇద్దరం కూచుని చూద్దాం."

నిజంగానే మొదటి వాయి చెడింది. కొత్త పొయ్యి, మంట ఎక్కువైంది. నూకాలు తిట్లకు సిద్ధపడి తల వంచుకుని నిలబడింది. రత్తమ్మ తిట్టలేదు. "రేపు కట్టెలు తగ్గించి చూడు," అని తట్ట సర్దుకుని సంతకు బయలుదేరింది.

ఆ తరువాత వాయి చెడలేదు. పొయ్యి దగ్గర కాపలా తప్పింది కనుక రత్తమ్మ ఊరూరా తిరిగింది, కొనేవాళ్ల రుచులు తెలుసుకుంది, చివరికి రాజుగారి రథోత్సవానికి బెల్లం పంపే ఒప్పందమే తెచ్చుకుంది. ఒక్క పెనం మూడైంది. నూకాలు ఒకటి తాను చూసుకుని, మిగతా రెండింటినీ తోటివారికి వదిలింది. దించే మాటతో సహా!

ఇవతల శెట్టి మూడు పెనాల మధ్య పరుగులు తీస్తూనే ఉన్నాడు. ఒకటి దించేలోగా ఇంకొకటి మాడేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పనివాళ్లను తిట్టేవాడు. వాళ్లూ ఒక్కొక్కరే ఏరు దాటారు.

ఆఖరికి శెట్టే దాటి వచ్చాడు. "నూకాలూ, తిరిగి రా. కూలి పెంచుతాను."

"కూలి సంగతి తరువాత. దించమనే మాట నాకిస్తారా?"

"అదెలా కుదురుతుంది? శెట్టిని నేను కదా!"

నూకాలుకు కోపం కట్టలు తెంచుకుంది. "పని మా నెత్తిన పెట్టారు, మాట మీ దగ్గరే దాచుకున్నారు, తప్పులు మాత్రం మాకు పంచారు. ఆ శెట్టిరికమేదో మీరే వండుకోండి, బాబూ! నాకు పనుంది," అని వెనుదిరిగి వెళ్లిపోయింది.

శెట్టి వచ్చిన దారినే వెళ్లాడు. ఆ ఏడు అతని పొయ్యి మళ్లీ వెలగలేదు.

పని అప్పగించి అధికారం దాచుకున్న యజమాని పనినీ పోగొట్టుకుంటాడు, పనివాళ్లనూ పోగొట్టుకుంటాడు.