లేవని చెయ్యి

ఆ రాజ్యంలో ఊరికొకరు చొప్పున కూర్చునే సభ ఒకటుండేది. సభ చేతులెత్తితేనే ఎవరైనా రాజయ్యేది, ఏ ఆజ్ఞయినా చెల్లేది. కత్తి గుమ్మం బయటే ఉండాలి. ఆ రోజు మాత్రం రాజు వెంట సేనాపతి దూసిన కత్తితో లోపలికొచ్చాడు.

"ఇకమీదట సింహాసనం మీద ఎవరుంటే వాళ్ల మాటే చట్టం. సభ అక్కర్లేదు. చేతులెత్తండి," అన్నాడు రాజు.

చేతులన్నీ లేచాయి, పడవ నడిపే గవిరమ్మది తప్ప. కత్తి ఆమె మెడ మీదికొచ్చింది.

అడిగింది గవిరమ్మ. "ఎత్తుతాను ప్రభూ. ఇన్నాళ్లూ సేనాపతిగారు రాజవ్వాలంటే మా చేతులు లేవాలి. రేపట్నించి మిమ్మల్ని లాగేసి అక్కడ కూర్చుంటే చాలు కదా?"

సేనాపతి సింహాసనం వంక చూశాడు.

రాజు ఆ కత్తి వంకే చూస్తూ అన్నాడు. "దించండి. అందరూ చేతులు దించండి."