దాలమ్మ పలక

కూర్చోగలిగినవాళ్లు కూర్చోండి, లేనివాళ్లు గోడకి ఆనుకోండి. ఈ సంగతి ఏ కాలానిదో నాకూ తెలియదు. సముద్రం మా ఊరికి ఇంకా ఆమడ దూరంలో ఉండేదట, అప్పటిది.

ఏటి ఒడ్డున ఒక పెద్ద పాక ఉండేది. అందులో పడవలు కట్టేవారు. పాకకి పెద్ద కొండలాచారి. ఆయన కింద తొమ్మిదిమంది వడ్రంగులు. పాక మధ్యలో ఆయన తాత చేసిన టేకు బీరువా. మనిషంత ఎత్తు, పన్నెండు సొరుగులు. ఉలులు, బాడిసలు, బరమాలు, సుత్తులు, ఉన్న పనిముట్లన్నీ వాటిల్లోనే.

ఆ పాకకి ఒకనాడు దాలమ్మ వచ్చింది. పై ఊళ్లలో కరువొచ్చి మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఏదైనా పని ఇప్పించండి బాబూ అంది. కొండలాచారి చీపురు చూపించాడు. రెండు పూటలా కూడు పెడతాను, పొయ్యిలోకి రంపంపొట్టు పట్టుకుపో అన్నాడు. ఆవిడ తలూపింది.

ఊడ్చేది, ఎత్తేది, పోయేది. ఊడ్చేది, ఎత్తేది, పోయేది. అలా ఏళ్లు గడిచాయి. పాకలో ఎవరూ ఆవిడ పేరు అడగలేదు. చీపురమ్మా అని పిలిచేవారు, పలికేది.

ఆ బీరువా కింద పొట్టు బాగా చేరేది. అది తియ్యాలంటే నేల మీద వెల్లకిలా పడుకుని చెయ్యి చాపాలి. వడ్రంగులు బీరువాని ఎప్పుడూ ఎదురుగా నిలబడే చూశారు. దాలమ్మ కిందనుంచి చూసింది, వెనకనుంచి చూసింది. ఏ సొరుగు ఎక్కడ ఒరుసుకుంటుందో, ఏది ఎటు వాలుతుందో ఆవిడకి తెలిసిపోయింది.

ఒకసారి నడిమి సొరుగు పట్టేసింది. సూరాచారి అని ఒక వడ్రంగి, మంచి బలశాలి, బీరువాకి కాలు తన్నిపెట్టి లాగాడు. రాలేదు. దాలమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"లాగకు నాయనా. ముందు లోపలికి పోనీ."

సొరుగుని లోపలికి నెట్టింది. పై సొరుగు ఊడదీసి, ఆ ఖాళీలోంచి చెయ్యి పెట్టింది. నిటారుగా లేచి అడ్డం పడ్డ బాడిసని పడుకోబెట్టింది. సొరుగు జారి వచ్చింది. సూరాచారి నవ్వి తన పనికి పోయాడు. దాలమ్మ చీపురు తీసుకుంది. ఊడ్చింది, ఎత్తింది, పోయింది.

రెండోసారి ముసురు పట్టిన నెలలో. చెమ్మకి చెక్క ఉబ్బి సొరుగు బిగుసుకుపోయింది. ఇద్దరు పట్టుకుని గుంజుతుంటే దాలమ్మ మళ్లీ వచ్చింది.

"లాగకండి నాయనా. ముందు లోపలికి పోనివ్వండి."

ఇసక వేయించి, గుడ్డలో మూటకట్టి, పై సొరుగులో పెట్టింది. ఇసక చల్లారితే మళ్లీ వేయించింది. పొద్దు వాలేసరికి చెక్క ఆరి సొరుగు కదిలింది. దాని అంచులకి తేనెమైనం రాసి పెట్టింది. కొండలాచారి అంతా చూశాడు. ఆ పూట ఆవిడ కూట్లో పెరుగు పడింది.

మూడోసారి మాత్రం ఊరంతా ఎరిగినదే.

ఆ ఏడు గాలివాన మూడు రోజులు కొట్టింది. నాలుగోనాటి పొద్దున తెరిపి ఇచ్చింది. చూస్తే ఏరు పొంగిపోయింది. ఏటి నడుమ దిబ్బ మీద పదిహేను గడప ఉంది. ఆ జనమంతా ఇళ్ల కప్పులెక్కి కూర్చున్నారు. సూరాచారి పెళ్లాం పురిటికని అక్కడే పుట్టింట్లో ఉంది. బిడ్డ పుట్టి తొమ్మిది రోజులు.

ఊరి పడవలన్నీ గాలికి బద్దలయ్యాయి. పాకలో ఒక్క కొత్త పడవ మిగిలింది. పలకలు బిగించారు కానీ సందులు ఇంకా పూడ్చలేదు. నీళ్లలో దించితే మునుగుతుంది. సందుల్లో పీచు కూరి గుగ్గిలం పుయ్యాలి. పీచు కూరడానికి మొద్దు మొన ఉలులు కావాలి. అవి బీరువాలో ఉన్నాయి. వాన నీళ్లకి నేల నాని, బీరువా ఒక కాలు కుంగి, ఒరిగిపోయింది. ఏ సొరుగూ కదలడం లేదు.

సూరాచారి ఆ ఉలుల సొరుగుని లాగాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. చేతిలో ఉన్న వాడి ఉలులతో కూరి చూశారు. పీచు తెగిపోయింది. కమ్మరి దగ్గర కొత్తవి చేయిద్దామంటే కొలిమి నీళ్లలో ఉంది. సూరాచారి గొడ్డలి ఎత్తాడు. దాలమ్మ బీరువాకీ అతనికీ మధ్య నిలబడింది.

"పక్కకి తప్పుకో చీపురమ్మా. నా బిడ్డ ఉందక్కడ."

"తెలుసు నాయనా. నువ్వు కొడితే లోపల ఉలులు విరుగుతాయి. ఇక పడవ లేదు. లాగకు, కొట్టకు. ముందు లోపలికి పోనీ."

అతను కొండలాచారి వైపు చూశాడు. పెద్దాయన ఆవిడ చెప్పినట్టు చెయ్యమన్నాడు. నలుగురు బీరువాని ఎత్తి పట్టారు, కుంగిన కాలు కింద చెక్క దూర్చారు. దాలమ్మ సొరుగుని నెట్టింది. వేలెడు లోపలికి పోయి ఆగింది. బీరువా ఒరిగినప్పుడు లోపల ఉలులు దొర్లి అడ్డం పడ్డాయి. పై సొరుగు కూడా బిగుసుకుంది, అటునుంచి దారి లేదు.

దాలమ్మ వెనక్కి వెళ్లింది. వెనక పలక మేకులు దిగ్గొట్టి బిగించినది, ఊడి రాదు. దానికి ఒక మూల మాత్రం సందు ఉంది. వడ్రంగుల చేతులు అందులో పట్టవు. ఆవిడది ఎండిపోయిన సన్నటి చెయ్యి. మోచేతి దాకా దూర్చింది. కళ్లు మూసుకుని తడిమింది. ఒక ఉలిని సర్దింది. రెండోదాన్ని సర్దింది. మూడోది మొద్దుది కాదు, ఎవరో మరిచి పెట్టిన వాడి ఉలి. పిడి అందలేదు, మొన అందింది. ఆ మొననే గుప్పిట పట్టి కిందికి వంచింది. పలక మీద రక్తం కారింది.

"ఇప్పుడు లాగు నాయనా."

సొరుగు వచ్చింది. తొమ్మిదిమందీ పడవ చుట్టూ చేరారు. మధ్యాహ్నానికి సందులు పూడాయి. పొద్దు గుంకేలోపు పడవ మూడుసార్లు దిబ్బకి పోయి వచ్చింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

చివరిసారి పడవ ఆగగానే సూరాచారి బిడ్డనెత్తుకుని నేరుగా పాకలోకి వచ్చాడు. దాలమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని బీరువా దగ్గరే కూర్చుని ఉంది. బిడ్డని ఆవిడ ఒడిలో పెట్టి నీ పేరేమిటమ్మా అని అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆ బిడ్డకి ఆ పేరే పెట్టారు.

కొండలాచారి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, నీకేం కావాలో అడుగు. ఊరు నీకు రుణపడింది."

దాలమ్మ బిడ్డని ఒళ్లో సర్దుకుంది. "నాకేం లోటు బాబూ, రెండు పూటలా పెడుతున్నారు. ఆ వెనక పలకని మేకులు కొట్టకుండా, ఊడదీసే వీలుండేలా పెట్టించండి. రేపు ఇంకొకరి చెయ్యి తెగకూడదు."

మర్నాడు కొండలాచారి తన చేత్తోనే ఆ పలకని మార్చాడు. దాలమ్మకి రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. అయినా మానమంటే మానలేదు, బతికినన్నాళ్లూ ఊడ్చింది. ఆవిడ పోయినరోజు పాడె కట్టడానికి తొమ్మిది ఇళ్ల వడ్రంగులూ పోటీపడ్డారు. మూడు రోజులు పాకలో ఎవరూ సొరుగు తెరవలేదు.

ఇప్పటికీ మా వైపు ఏ వడ్రంగి బీరువా చేసినా, వెనక పలక గాడిలో జారేలాగే పెడతాడు. దాన్ని దాలమ్మ పలక అంటాం. సొరుగు పట్టేస్తే ఆ తల్లి పేరు తలుచుకుని ముందు లోపలికి నెడతాం. కొత్త బీరువా పాకలోకి వచ్చిన రోజున, అక్కడ ఊడ్చే ఆమెకి కొత్త చీర పెట్టి, పీట వేసి కూర్చోబెడతాం. మొదటి సొరుగు ఆమే తెరవాలి. అందులో బెల్లం పెట్టి ఉంచుతాం. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుని, మిగిలింది తన చేత్తో అందరికీ పంచుతుంది. పెద్ద మేస్త్రి కూడా చెయ్యి చాపి తీసుకుంటాడు. ఆ తర్వాతే లోపల ఉలి పెడతాడు.